సుబ్బాయమ్మ చెప్పిన ఉప్పెన

కారు దిగగానే ప్రొఫెసర్ జీవన్ కుమార్ గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఊరంతా ఎండుచేపల వాసన.

"ల్యాండ్‌స్కేప్ అద్భుతంగా ఉంది," అన్నారు రుమాలు చాటు నుంచే.

ఆయన వెనక పరిశోధక విద్యార్థిని యశస్విని దిగింది. ఆమె వెనక కెమెరా, గొడుగు, నాలుగు కొబ్బరిబోండాలు దిగాయి.

దివిసీమలో పర్యాటకం మీద ప్రొఫెసరు గారి పరిశోధన. జనం మోపిదేవిలో దణ్ణం పెట్టుకోవాలి. అక్కణ్ణుంచి ఇలాంటి పల్లెకొచ్చి, డెబ్భై ఏడు ఉప్పెనలో బతికి బయటపడ్డవాళ్ల నోటి నుంచే ఆ కథ వినాలి. కళ్లు తుడుచుకుని, ఫొటో దిగి, పొద్దుగూకేలోగా బీచికి చేరాలి. అదీ ఆయన పథకం. అందుకని సముద్రం ఒడ్డున ప్రతి ఊళ్లోనూ కథ చెప్పే మనిషి ఒకరు కావాలి.

ఈ ఊళ్లో ఆ మనిషి సుబ్బాయమ్మ. కాలేజీ వాళ్లొచ్చినా, టీవీ వాళ్లొచ్చినా అందరికంటే ముందు ఎదురొచ్చేది ఆవిడే.

"వచ్చారమ్మా, చచ్చినోళ్లని చూసిపోటానికి," అంది పక్కింటి పెద్దింట్లమ్మతో, వాళ్లకి వినబడేలాగే. అని, కుర్చీలు వేసింది.

అరుగు చివర ఆవిడ భర్త సత్తయ్య చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. అంత ఉక్కలోనూ పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. యశస్విని నమస్కారం పెట్టినా తలెత్తలేదు.

"ఆయనకి చెవుడమ్మా. ఏదడిగినా నన్నడుగు."

యశస్విని ట్యాబ్ తీసింది. "ఆ విపత్తు వల్ల మీకు కలిగిన వేదనకి ఒకటి నుంచి ఐదు లోపు ఎంత వేస్తారండీ?"

"మీ కారుకి ఎన్ని చక్రాలమ్మా?"

"నాలుగండీ."

"స్టెప్నీ కూడా కలిపి వేసుకో."

యశస్విని మొహం ఎర్రబడింది. ప్రొఫెసరు గారు మాత్రం, "గుడ్, ఐదు," అన్నారు.

కెమెరా ఆన్ అయింది. సుబ్బాయమ్మ చెప్పింది.

"పొద్దుటి నుంచీ ఒకటే గాలండి. పెంకులు కాగితాల్లాగా ఎగిరిపోయాయి. ఇంతలో సముద్రం లేచి నిలబడింది. తాటిచెట్టంత నీళ్లు. రెండేళ్ల పిల్లని చంకనేసుకుని తుమ్మచెట్టు ఎక్కానండి. కొమ్మని వాటేసుకుంటే మోచేతుల నిండా ముళ్లు దిగాయి. చెయ్యి వదిలితే ఇద్దరం పోతాం. వదలకపోతే పిల్ల జారిపోద్ది. చీకట్లో 'అమ్మా, అమ్మా' అని అది ఏడుస్తానే ఉంది. ఎప్పుడాపిందో తెలీలేదు. తెల్లారేసరికి చెట్టుంది. చెట్టు మీద ప్రాణం ఉంది. చంకలో పిల్ల లేదు."

సత్తయ్య చేతిలో వల కదలడం లేదు.

"బాగుంది," అన్నారు ప్రొఫెసరు గారు. "కొంచెం ఏడిస్తే ఇంకా బాగుండేది. ఆ ముళ్ల మచ్చలు ఒక క్లోజప్ తీసుకుందామా?"

"మానిపోయాయి."

"అయ్యో. సరే. మగవాళ్ల వైపు నుంచి కూడా ఒకటుండాలి, లేకపోతే బ్యాలెన్స్ పోతుంది."

సుబ్బాయమ్మ లేచేలోపే ఆయన అరుగు చివరికి వెళ్లి, సత్తయ్య చెవి దగ్గర వంగి అరిచారు. "ఏం తాతా! ఆ రోజు నువ్వెక్కడున్నావ్? పిల్ల కొట్టుకుపోతుంటే ఏం చేస్తున్నావ్?"

సత్తయ్య చేతిలోని సూది కింద పడింది. పెదాలు కదిలాయి. భుజాలు వణకడం మొదలుపెట్టాయి.

"ఆయన్నేం అడుగుతారండీ!" సుబ్బాయమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. "ఊళ్లో ఉంటేగా చెప్పటానికి! గుడివాడలో సినిమా చూస్తా కూర్చున్నాడు ఈ మహానుభావుడు. ఇక్కడ పెళ్లాం బిడ్డా నీళ్లలో కొట్టుకుంటుంటే అక్కడ హాల్లో సోడా తాగుతున్నాడు. సిగ్గులేని జన్మ. ఆ మొహానికి కెమెరా ఒకటా?"

వీధిలో పోగైన జనం ఎవరూ నవ్వలేదు. కొందరు నేల చూపులు చూశారు.

"నిజమేనా తాతా?"

సత్తయ్య భార్య వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"నిజమేనండి. ఊళ్లో లేనండి."

ప్రొఫెసరు గారి మొహంలో ఎండుచేపల వాసనకి కూడా కలగనంత రోత కనబడింది. "సినిమా అట, సినిమా! ఇలాంటి మనిషితో ఆవిడ ఇన్నేళ్లు ఎలా కాపురం చేసిందో. యశస్వినీ, ఈ ముక్క తీసేయ్. ఈయన ఎందుకూ పనికిరాడు."

ప్రొఫెసరు గారు మిగిలిన బోండాం తాగి, డొక్క అరుగు మీదే వదిలేసి కారెక్కారు. యశస్విని ఒకసారి వెనక్కి తిరిగి సత్తయ్యని చూసింది. ఏదో అడగబోయింది గానీ, కార్లోంచి ప్రొఫెసరు గారు పిలిచేసరికి వెళ్లిపోయింది.

దుమ్ము అణిగాక పెద్దింట్లమ్మ గోడవతల నుంచి అంది. "మరీ సినిమా ఏంటి వదినా? నలుగురిలో అన్నయ్య పరువు తీసేశావు."

"పోతే పోయింది. ఇంకెవడూ ఆయన్ని అడగడు."

సుబ్బాయమ్మ వంగి, సూది తీసి సత్తయ్య చేతిలో పెట్టింది. మంచినీళ్లు తెచ్చి తాగించింది. ఆయన వణుకు తగ్గేదాకా పక్కనే కూర్చుంది.

ఉప్పెనొచ్చిన మూడేళ్లకి నందివాడ నుంచి సత్తయ్యకి రెండో పెళ్లాంగా వచ్చేదాకా, సుబ్బాయమ్మ అసలు సముద్రాన్నే చూసి ఎరగదు.