ఆగని కారు

"ఆ పాత డ్రమ్ బ్రేకులు పీకేసి డిస్కులు వెయ్యి," అన్నారు మా ఆయన.

మెకానిక్ నోరెళ్ళబెట్టాడు. "ఒక్క బోల్టు మార్చినా ఒప్పుకునేవారు కాదు కదండీ! పాతకార్ల పోటీలో మార్కులు పోతాయనేవారు."

"పోతే పోనీవయ్యా. ఎంత తొక్కినా ఆగి చావట్లేదు, మోకాలు పీకేస్తోంది. ప్రాణం కంటే పోటీ ఎక్కువా?"

బల్ల మీద కూర్చుని వింటున్నాను. బ్రేకులు మార్పించమని నేను మొత్తుకున్నన్నాళ్ళూ పోటీయే ఎక్కువ. మా ఇంట్లో నాకంటే ఆ కారుకే మర్యాద.

మెకానిక్ చక్రం విప్పి చూశాడు. "దిగుడు దారిలో వేడెక్కితే ఇవి పట్టవండీ. ఎవరు తొక్కినా అంతే."

ఆ రోజు దిగుడు దారిలో తొక్కింది నేను. ఆస్పత్రికి నన్ను చూడ్డానికొచ్చిన చుట్టాలందరికీ ఈయన ఒకటే మాట చెప్పారు: "కారు బంగారం. ఈవిడకే బ్రేకు తొక్కడం చేతకాలేదు."

"డిస్కులైతే అలా కాలు ఆనిస్తే చాలు, ఆగిపోతుంది," అన్నాడు మెకానిక్.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "విన్నావుటే? ఇక కాలికి శ్రమే ఉండదు!"

నేను చంకకర్ర అందుకుని, మిగిలిన కాలి మీద లేచాను.