సేనాపతికి శిక్ష

ఆదివారం వచ్చిందంటే మధుకర్‌కి అన్నం సయించేది కాదు. సేనాపతి దొరికితే ఏం శిక్ష వెయ్యాలా అన్నదే ధ్యాస.

"నువ్వు ఆటకు పోతున్నవా, కొట్లాటకు పోతున్నవా?" అని నవ్వేది భార్య రేఖ.

నవ్వినా, లోపల ఆమెకు సంతోషమే. ఉద్యోగం పోయాక, ఈ ఆట దొరికేదాకా మనిషి ప్రగతి నగర్ ఫ్లాటు దాటి బయటికి రాలేదు. మాదాపూర్‌లో పేరున్న కంపెనీలో మేనేజరు. పై అధికారి సీతారామయ్య ఒకరోజు పొద్దున్నే వీడియో కాల్‌లో పిలిచి, ఇది పైవాళ్ల నిర్ణయం, నేను చేయగలిగింది ఏమీ లేదన్నాడు. మధుకర్ జవాబు చెబుతుండగానే లాప్‌టాప్ లాక్ అయిపోయింది. అనాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. సీతారామయ్యను ఎదురుగా నిలబెట్టి కడిగెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నాడో. ఇప్పుడు ఆ ఆఫీసు గేటు లోపలికే రానివ్వరు.

అలాంటి రోజుల్లో ఫోన్‌కి ఒక ఆహ్వానం వచ్చింది. నార్సింగిలో ఒక కేఫ్. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ఎంచుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. ఫోన్లు సంచిలో వేసెయ్యాలి. కథ ముగిసేదాకా ఎవరూ అసలు పేరు చెప్పకూడదు, అడగకూడదు. ఆటలో పేరే పేరు.

మొదటిరోజు బెరుగ్గా కూర్చున్నాడు. కథ నడిపేది ఒక కళ్లద్దాల అమ్మాయి. అందరూ కథకురాలు అనేవాళ్లు. ఆమెకు అటూ ఇటూ విలుకాడు, వైద్యురాలు, గూఢచారి. మధుకర్ వీరమల్లు అనే యోధుడయ్యాడు.

శత్రువు తరుముకొస్తుంటే ఒక సేనాపతి తన సైనికులను కొండ కనుమలో వదిలేసి, కోటలోకి దూరి తలుపు మూయించాడు. బతికి బయటపడ్డ కొందరు అతన్ని వెతుకుతూ బయల్దేరారు. అదీ కథ.

వింటుంటేనే మధుకర్‌కి ఒళ్లు మండింది. ఆ సేనాపతికి మనసులో సీతారామయ్య ముఖం తగిలించుకున్నాడు.

కంప్యూటర్లో ఎన్నో ఆటలు ఆడాడు గానీ ఇది వేరు. పాచికలు చెక్కబల్ల మీద దొర్లుతుంటే అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. గురి తప్పితే విలుకాడి ముఖం వాడిపోయేది. వైద్యురాలు ఉస్మానియా బిస్కెట్ విరిచి సగం ఇచ్చేది. వీరమల్లు గాయపడ్డ వారం గూఢచారి నిజంగానే అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఒక మనిషి అలా చెయ్యి వేసి ఎన్నాళ్లయిందో.

కోపం తెచ్చుకోవడానికైనా ఎదురుగా మనుషులుండాలని అక్కడే తెలిసొచ్చింది. సేనాపతి మాట వస్తే చాలు, మధుకర్ గొంతు లేచేది. సేనాపతికి ఆశ్రయమిచ్చిన సత్రం దొరికినప్పుడు గూఢచారి మెల్లగా అడిగి చూద్దామన్నాడు. వీరమల్లు వినలేదు. తలుపు విరగ్గొట్టాడు.

ఒకసారి టీ తాగుతూ తన ఉద్యోగం ఎలా పోయిందో చెప్పుకున్నాడు. అంతకుముందు ఆ ఆఫీసులో ఇంకెవరినీ తియ్యలేదా అని వైద్యురాలు అడిగింది. ఎవరెవరినో తీశారు, కంపెనీ అన్నాక అది మామూలే కదా అన్నాడు మధుకర్. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి పాచికలు అందుకుంది.

వానలు పోయి చలి మొదలైంది. సేనాపతి దొరికాడు.

ఆ ఆదివారం కథకురాలు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. సేనాపతి మాటలు ఆమే పలకాలి.

"నన్నేం చెయ్యమంటారు? పైనుంచి ఆజ్ఞ వచ్చింది," అంది.

"ఆజ్ఞ ఎవరిదైతే ఏంది?" మధుకర్ లేచి నిలబడ్డాడు. "తలుపు మూసింది నీ చెయ్యి. నీ వాళ్లు మొత్తుకుంటుంటే వినబడలేదా?"

"తలుపు మందంగా ఉంది. వినబడలేదు."

"వాళ్ల పేర్లు చెప్పు. ఒక్కొక్కరిదీ."

"గుర్తులేవు."

మధుకర్ పిడికిలి బల్ల మీద పడింది. పాచికలు ఎగిరి కింద పడ్డాయి. ఎవరూ వంగి తియ్యలేదు.

ఏం శిక్ష వేద్దామని కథకురాలు అడిగింది. చంపితే చాలదన్నాడు మధుకర్. చావు ఒక్క క్షణంలో అయిపోతుంది. వీడు బతకాలి, మనుషుల మధ్యే బతకాలి. వీడి చెయ్యి ఎవరూ పట్టుకోవద్దు. వీడితో ఎవరూ కూర్చోవద్దు, తినొద్దు.

"క్షమించే వీల్లేదా?" అంది వైద్యురాలు.

"లేదు."

"జర ఆలోచించి చెప్పన్నా," అన్నాడు విలుకాడు.

"ఆలోచించే చెప్తున్న. లేదు."

కథకురాలు మిగతావాళ్ల వైపు చూసింది. విలుకాడు తల ఊపాడు. వైద్యురాలు, గూఢచారి కూడా ఊపారు. శిక్ష ఖాయమైంది.

మధుకర్ కుర్చీలో కూలబడ్డాడు. సీతారామయ్యను నిజంగానే కడిగేసి వచ్చినంత తృప్తి. కళ్లు తడిసినా తుడుచుకోలేదు. ఇంతకాలం పక్కన నిలబడ్డవాళ్ల పేర్లయినా తెలియవే అనిపించింది. కథ అయిపోయింది కదా, ఇప్పుడైనా చెప్పండంటూ చెయ్యి చాపాడు.

ఎవరూ అందుకోలేదు.

నలుగురూ లేచి సంచులు భుజాన వేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ, ఒక్కొక్కరే అతని ఎదుట ఆగి పేరు మాత్రం చెప్పారు.

"నరేందర్," అన్నాడు విలుకాడు.

"నవనీత," అంది వైద్యురాలు.

"వంశీ," అన్నాడు గూఢచారి.

కథకురాలు అందరికన్నా ఎక్కువసేపు ఆగింది. "రసజ్ఞ."

ఆ నాలుగు పేర్లనూ మధుకర్ అంతకుముందు ఒకే ఒక్కసారి చదివాడు, తన ఉద్యోగం పోవడానికి ముందు నెల, ఎవరి ముఖమూ చూడకుండా, ఎవరినీ నోరు విప్పనివ్వకుండా, కొత్తగా తన కిందికొచ్చిన టీమ్ మొత్తాన్నీ ఒక్క వీడియో కాల్‌లో తనే తీసేసినప్పుడు.