ఊచ మనిషి

మిట్టమధ్యాహ్నం పిల్లల మైదానంలో ఒక ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, నేలలో దిగేసిన ఇనుప ఊచ కొనను పళ్ళతో కరిచిపట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

మేడ మీద బట్టలు ఆరేస్తున్న అక్కయ్య చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది.

కాలనీలో అందరికీ ఆవిడ ‘వార్తల అక్కయ్య’. వారం వారం రెండు పేజీల ‘కాలనీ కబుర్లు’ రాసి, అచ్చు వేయించి, నూట నలభై గుమ్మాల్లో వేయిస్తుంది. ఎవరింట్లో పాప పుట్టినా, ఎవరి కుక్క తప్పిపోయినా ముందు ఆవిడకే తెలియాలి.

ఈ మనిషెవరో మాత్రం తెలియలేదు.

“ఎవరయ్యా నువ్వు? ఏం చేస్తున్నావక్కడ?”

పలకలేదు. తల కూడా తిప్పలేదు. ఊచ పీకి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ గుచ్చి, మళ్ళీ కరిచాడు.

అక్కయ్య గబగబా కిందికి దిగి వాచ్‌మన్‌ను పిలిచింది.

“మూడు రోజుల్నించీ వస్తున్నాడమ్మా. గొంతు చించుకున్నా ఉలకడు, పలకడు. నిన్న నా వైపు ఓ చూపు చూశాడు, ఒళ్ళు జలదరించిందనుకోండి.”

“లోపలికెందుకు రానిచ్చావు?”

“ఆ మైదానానికి గోడ ఎక్కడేడ్చిందమ్మా!”

సాయంత్రానికి ఎన్ని నోళ్ళుంటే అన్ని మాటలయ్యాయి. ఇళ్ళకు గుర్తులు పెట్టుకుంటున్నాడని ఒకరు. ఏదో పాతిపెడుతున్నాడని ఇంకొకరు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అని అందరూ.

“మొదటి పేజీలోనే వేసెయ్యమ్మా” అన్నారు కాలనీ సెక్రటరీ గారు.

వేసింది. ‘జాగ్రత్త! ఊచ పట్టుకుని తిరుగుతున్న అపరిచితుడు.’ దాని కిందే రాబోయే కార్యక్రమాలు: ‘ఆదివారం సాయంత్రం ఐదింటికి మైదానంలో పిల్లల ఆటపాటలు. అందరూ తప్పక రండి.’

పత్రిక పంచిన మర్నాడు తలుపు చప్పుడైంది.

గొలుసు తియ్యకుండా సందులోంచి చూసింది. అతనే. పెదాలకు మట్టి. చేతిలో కాలనీ కబుర్లు. వేలు ఆదివారం కార్యక్రమం మీద ఉంది.

“వద్దు!” ఏటి అవతలి గట్టుకు కేకేసినట్టు అరిచాడు. “కింద...”

ధడాలున తలుపు మూసి, గడియ పెట్టి, వీపు ఆనించి నిలబడింది.

“ఎవరమ్మా?” లోపల్నుంచి ఎనిమిదేళ్ళ కూతురు.

“ఎవరూ లేరు. నువ్విటు రాకు!”

తలుపు కిందినుంచి ఒక కాగితం పాక్కుంటూ వచ్చింది.

‘ఆదివారం మైదానంలో పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. కింద ఖాళీ అయిపోతోంది. పోతారు.’

ఆ చివరి మాట చూశాక ఆవిడ సెక్రటరీ గారికి ఫోన్ చేసి చదివి వినిపించింది.

“ఇది బెదిరింపు కాకపోతే ఏమిటి!” సెక్రటరీ గారు మండిపడ్డారు. ఐదుగురు మగాళ్ళు వెళ్ళి ముసలాయన్ని పట్టుకున్నారు. ఊచ లాక్కున్నారు. మళ్ళీ కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతామని చెప్పి, పెద్ద రోడ్డు దాకా నెట్టుకుంటూ పోయారు. అతను వాళ్ళ నోళ్ళ వంకే బిక్కమొహం వేసి చూశాడు తప్ప ఎదురు తిరగలేదు.

“ఆదివారంది ఆపేద్దామండీ. నాకెందుకో భయంగా ఉంది” అంది అక్కయ్య.

“ఓ పిచ్చివాడికి జడిసా? నలుగురూ నవ్వుతారమ్మా.”



ఆదివారం ముప్పైమంది పిల్లలు ఒకే పట్టా మీద కూర్చున్నారు. అక్కయ్య మైకులో వచ్చేవారం విశేషాలు చదువుతోంది గానీ, కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. చదివిన వాక్యమే రెండుసార్లు చదివింది.

అతను వచ్చాడు.

ఉత్త చేతులతో, పరుగున, సరాసరి పిల్లల మధ్యకే.

“లేవండి! పారిపోండి!” పట్టా కొస పట్టుకుని లాగేశాడు. పిల్లలు గోలుగోలున ఏడుస్తూ చెల్లాచెదురయ్యారు. అక్కయ్య కూతురు ఒక్కతే భయంతో కొయ్యబారిపోయి అక్కడే కూర్చుంది. అతను ఆ పిల్లను రెండు చేతులా ఎత్తి బంతిలా ఇవతలికి విసిరేశాడు.

“నా పిల్ల!” అక్కయ్య అరుపు మైకులో మారుమోగింది.

మగాళ్ళు అతని మీదికి దూకబోయారు.

వాళ్ళు చేరేలోపే నేల దిగిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. పట్టా, ఆరు కుర్చీలు, అతను... ఏవీ లేవు. గొయ్యి అడుగున ఎక్కడో నీళ్ళ హోరు.

పైకి తీసేసరికి ఊపిరి లేదు.

నీళ్ళ శాఖవాళ్ళు వచ్చారు. లోపల పెద్ద గొట్టం పగిలి, వారాల తరబడి మట్టిని తినేసిందట. వాళ్ళలో తల నెరిసిన మేస్త్రీ దుప్పటి తొలగించి ముఖం చూసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

“మీకు తెలుసా ఈయన?” కూతుర్ని గుండెలకు అదుముకునే అడిగింది అక్కయ్య.

“నాకు పని నేర్పిన మనిషమ్మా. మొన్న మా ఆఫీసుకొచ్చి మొత్తుకున్నాడు. లీకులు పట్టే మిషన్‌లో ఏమీ చూపించట్లేదు, ఇంటికి పో పెద్దాయనా అని నేనే పంపేశాను.”

“మరి మేమన్ని సార్లు అడిగామే! ఒక్కసారైనా ఎవరో, ఏమిటో చెప్పొచ్చుగా?”

మేస్త్రీ కండువాతో ఆ పెదాల మీది మట్టి తుడిచాడు.

“మీరడిగింది వినపడితేగా తల్లీ... రెండు చెవులూ పోయి ఇరవై ఏళ్ళైంది, అప్పట్నించీ ఊచ పళ్ళతో పట్టి ఎముకల్లోంచి వింటూ, ఊళ్ళో ఏ గొట్టం ఎక్కడ పగిలిందో మాకు చెప్తూ వచ్చింది ఈయనే.”