నీళ్లలో కలిసిన సమాధులు

సముద్రం కోసేస్తున్న తమ ఊరి శ్మశానం మీద అకనిసి పరిశోధన వ్యాసం రాస్తోంది. సోమవారం ఫిజీ రాజధాని సువాలో తను చదివే కాలేజీలో ఇవ్వాలి. కొలతల కోసం తమ దీవికొచ్చి, రాత్రి ఒడ్డునున్న బడిలో ఒంటరిగా కూర్చుంది. సమస్య రాయడం అయిపోయింది. పరిష్కారం కింద, "నీళ్లలో కలిసిపోయిన సమాధులను వదిలేసి, మిగిలినవాటిని కొండ మీదికి మార్చాలి" అని రాసింది.

బయట తడి ఇసుకలో పార దిగిన చప్పుడైంది. కాసేపటికి మళ్లీ అదే చప్పుడు.

ఊళ్లో సమాధులు తవ్వేది ఆమె మేనమామే. అతనికి ఫోన్ చేసింది. "మామా, ఈ వేళప్పుడు తవ్వకాలేంటి?"

"నేనా? యంగోనా తాగి చాప మీద పడున్నా. చదివి చదివి నీ బుర్ర పాడైందే పిల్లా!" అపిసాయి నవ్వాడు.

"నిజంగా ఎవరో తవ్వుతున్నారు. అదీ శ్మశానంలో కాదు మామా. నీళ్లలోంచి వినబడుతోంది."

అతని నవ్వు ఆగిపోయింది. "దీపం ఆర్పెయ్. ఒడ్డు దారిన వచ్చేస్తున్నా. ఎవరు పిలిచినా పలకకు తల్లీ."

ఆమె దీపం ఆర్పింది. పార చప్పుడు ఆగింది. కాసేపు అలలు కూడా వినబడలేదు. తర్వాత తడి అడుగులు ఒకదాని వెనక ఒకటి మెట్లెక్కి వచ్చి, తలుపు బయట వరసగా నిలబడ్డాయి.

"రాసుకో" అంది ఒక ముసలి గొంతు మెల్లగా. "సెమిసి."

"లూసియానా" అంది ఇంకో గొంతు.

చీకట్లో ఒక్కొక్కరే పేరు చెబుతున్నారు. అన్నీ నీళ్లలో కలిసిపోయిన సమాధుల మీది పేర్లే. అకనిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటూ కూర్చుంది.

చిట్టచివర, ఇంకా ఆయాసం తీరని గొంతొకటి, "అపిసాయి" అంది.