వసీమ్ వేళ్ళ చప్పుడు

“వాడి చేతులు కాసేపు ఆపమనండి, అబ్బా. నాకు తల పగిలిపోతోంది.”

సఫియా తాడేపల్లిగూడెం నుంచి పొద్దుటి రైలుకి ఏలూరు వచ్చి గంట కాలేదు. ఆ గంటలో తండ్రితో ఈ మాట అనడం మూడోసారి. హబీబ్ వినిపించుకోలేదు. తివాచీ మగ్గం ముందు బల్ల మీద కూర్చుని, పైన వరసగా వేలాడుతున్న రంగురంగుల ఉన్ని ఉండల్లోంచి ఒక పోగు లాగి ముడి వేస్తున్నారు. ఆయన పక్కనే ఆమె తమ్ముడు వసీమ్. ముప్ఫై ఏళ్ళవాడు. ఏ ముడికి ఏ రంగో చూపిస్తూ మగ్గానికి తగిలించిన గళ్ళ కాగితం మీద చూపు నిలిపి, ముందుకీ వెనక్కీ ఊగుతూ, వేళ్ళతో బల్ల మీద కొడుతున్నాడు. టక్ టక్ టక్. కాస్త ఆగి, టక్ టక్. మళ్ళీ ఆగి, అరచేత్తో ఒక్క దెబ్బ. ఆ దెబ్బకి హబీబ్ చెయ్యి పక్క ఉండ మీదికి జరిగింది.

వసీమ్‌కి ఆటిజం. మాటలు తక్కువ, వేళ్ళు ఎక్కువ. చిన్నప్పుడు భీమడోలు స్టేషన్లో గూడ్సు బండి పోతుంటే పెట్టె పెట్టెకీ కటకటాల మీద కొట్టేవాడు. ఎర్ర పెట్టెకి ఒక రకం దెబ్బ, నల్ల పెట్టెకి ఇంకో రకం. జనం మూగి నవ్వుతుంటే సఫియాకి చచ్చేంత సిగ్గేసేది. ఇప్పుడూ అదే సిగ్గు. కాకపోతే దానికి బాధ్యత అని పేరు పెట్టుకుంది.

“అది వాడికి నిమ్మళం తల్లీ,” అన్నారు హబీబ్. “ఆపితేనే కంగారుపడిపోతాడు.”

“మా ఊళ్ళో ఇలాంటివాళ్ళ సెంటర్లో మాన్పిస్తారంట. ఆర్నెల్లు అక్కడే ఉంచుకుంటారు. ఇదిగో, గది చూడండి,” అని ఫోను ఆయన ముందు పెట్టింది.

“శుభ్రంగా ఉందమ్మా,” అన్నారాయన ముడి బిగిస్తూ.

“మరింకేం? మొన్న నమాజుకి వెళ్తుంటే వీధంతా మిమ్మల్నే చూశారంట. ఇంత వయసులో చెట్టంత కొడుకు చెయ్యి పట్టుకుని నడుస్తున్నారని పక్కింటి నాజియా ఫోన్లో ఒకటే బాధపడింది.”

“చెయ్యి వదిలితే ఇంకేమన్నా ఉందా? కాలవలో పడ్డమే.”

“అదే నేననేది! మీకు అరవై ఎనిమిదేళ్ళు. ఎన్నాళ్ళిలా? రేపు మీ తరవాత వాడి గతేంటి?”

హబీబ్ చెయ్యి పోగు మీదే ఆగిపోయింది.

“నేనూ అదే అనుకుంటన్నాను,” అన్నారు. “నా స్వార్థం కోసం వాణ్ణి ఈ బల్లకి కట్టేశానేమో అని.”

“మీ స్వార్థమా? వాడికి చాకిరీ చెయ్యడం స్వార్థమా? భలేవారే!”

ఆయన నవ్వబోయి మానేశారు. సఫియాది ఉడుంపట్టు. తండ్రి మెత్తబడ్డారని తెలిశాక ఇంక వదల్లేదు. సంచిలోంచి సెంటర్ వాళ్ళ కాగితం తీసింది.

“సంతకం పెట్టండి.”

“ఎక్కడమ్మా?”

“ఇక్కడండీ,” అని పెన్ను ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని గీత మీదికి తెచ్చింది. “చదవరా?”

“నువ్వు చదివావుగా.”

సంతకం గీత దాటి కిందికి జారింది. బాధలో అలా పెట్టారు కాబోలనుకుంది. ఆమెకీ ఏడుపొచ్చింది.

తన బట్టల సంచి చూడగానే వసీమ్ ఊగడం ఎక్కువైంది. సఫియా వాడి మణికట్లు రెండూ పట్టుకుని లేవదీసింది. “చేతులు ఊరికే ఉంచు వసీమ్! ఊరికే ఉంచు!”

“అబ్బా... బల్ల. అబ్బా... బల్ల,” అంటూ వాడు వెనక్కి లాగాడు. చెయ్యి విడిపించుకుని గుమ్మం చెక్క మీద టకటకా కొట్టాడు.

హబీబ్ మగ్గం వైపే ముఖం పెట్టుకుని కూర్చున్నారు. “తొందరగా తీసుకెళ్ళు తల్లీ. ఆ చప్పుడు వింటే పంపలేను.”

సందు చివర సఫియా మాట్లాడుకున్న కృపానందం ఆటో ఆగి ఉంది. ఎక్కడానికి వసీమ్ చాలాసేపు మొరాయించాడు. చివరికి ఎక్కి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. చప్పుడు లేదు. ఊగడం లేదు. ఇన్నేళ్ళలో వాడలా ఉండటం సఫియా ఎప్పుడూ చూడలేదు. చూశారా, మారతాడు అనుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, సంతకం పెట్టిన కాగితం బల్ల మీదే మర్చిపోయానని.

“కాస్త వాణ్ణి చూస్తుండండి, చిటికెలో వచ్చేస్తాను,” అని కృపానందంతో చెప్పి వెనక్కి పరిగెత్తింది. గుమ్మంలో చెప్పులు వదిలి లోపలికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.

ఇందాక తివాచీ మీద ఎర్ర గులాబీ సగం వరకూ వచ్చి ఉంది. ఇప్పుడు ఆ ఎరుపు మధ్యలో పచ్చ ముడి, పక్కన నలుపు, మళ్ళీ పచ్చ. నలభై ఏళ్ళుగా ఒక్క ముడి తప్పితే వరసంతా విప్పేసే మనిషి వేసిన ముళ్ళు అవి. గళ్ళ కాగితం ఆయన ఎదురుగా వేలాడుతూనే ఉంది. ఆయన మాత్రం పని ఆపేసి, వసీమ్ కూర్చునే చోట ఖాళీ బల్ల మీద అరచెయ్యి ఆనించి, ఏదో చప్పుడు కోసం కాచుకున్నట్టు చెవి ఒగ్గి ఉన్నారు.

ఏమైంది ఈయనకి? సఫియా ఒక అడుగు ముందుకేస్తే కాలికి ఉన్ని ఉండ తగిలి దొర్లింది.

హబీబ్ తల తిప్పారు. కిటికీలోంచి పొద్దుటి ఎండ ఆమె ముఖం మీదే పడుతోంది. ఇద్దరి మధ్య రెండు బారల దూరమైనా లేదు. ఆయన కళ్ళు సూటిగా కూతురి కళ్ళ మీదే నిలిచాయి.

“ఎవరండీ?” అన్నారాయన.