డాబా మీది కడ్డీలు

డాబా మీద కోత మిషను చప్పుడు వినగానే, పడతానేమోనన్న భయం కూడా మరచి మెట్లెక్కాను.

మా అమ్మాయి నగ్లా మన్సూరా యూనివర్సిటీలో ఇంజనీరింగు ప్రొఫెసరు. రేపేమవుతుందో తెలియనప్పుడు ఇంజనీర్లు దేన్ని ఎలా కట్టాలన్నదే దాని పరిశోధన. అలాంటిది, పొద్దున్నే పనివాణ్ణి తెచ్చి, మా స్తంభాల మీద పైకి వదిలిన ఇనుప కడ్డీలు కోయిస్తోంది.

“కోయించకే తల్లీ!”

“తుప్పు లోపలికి దిగితే స్లాబు పగులుతుందమ్మా. అయినా, ఇవి వదిలేది కొడుకుల అంతస్తు కోసం. నీకు కొడుకేడి? పావురాలతో కాపురం పెట్టిస్తావా?”

“మీ నాన్ననీ వీధంతా ఇలాగే ఎగతాళి చేసింది. ‘పిల్ల బతుకు ఎటు పోతుందో ఎవరికి తెలుసు, దానికీ ఓ చోటుండాలి’ అని పునాది రెండంతస్తులకి వేయించాడు. నువ్వు పాఠాల్లో చెప్పేదీ అదే కాదుటే?”

నగ్లా చెయ్యెత్తి మిషను ఆపించింది. కడ్డీ మీద తుప్పును గోటితో గీకుతూ చాలాసేపు నిలబడింది.

“అమ్మా, పైన రెండు గదులు పడతాయా? నాకూ పాపకీ చాలు.”

“వంటిల్లు కూడా పడుతుందే,” అన్నాను.

అల్లుడి పేరెత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.