జపాన్‌లో మా గేటు

సిద్దయ్య చొక్కా అప్పటికే చినిగిపోయింది.

గేటు గదిలోంచి ఆయన్ను రోడ్డు మీదికి ఈడ్చుకొచ్చారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య ఉన్న ఆ రైల్వే గేటుకు రెండు వైపులా బండ్లు ఆగిపోయాయి.

"మొన్న గేటెత్తిపెట్టి నిద్రపోయినాడు! రైలొచ్చి ఆటోను గుద్దింది. రెండు పానాలు పోయినాయి. వీణ్ణి వదలొద్దండ్రా!"

అరుస్తున్నది చంద్రమోహన్. గేటు పక్కనే ఆయన నాపరాళ్ళ ఫ్యాక్టరీ. ఆయనతో పాటు అరుస్తున్నవాళ్ళలో సగంమంది అందులో కూలీలే.

"గేటు ఏసే ఉన్నిందప్పా! దేవుని తోడు!" అన్నాడు సిద్దయ్య.

"దేవుడొచ్చి చెప్తాడా సాక్ష్యం?"

జనం నవ్వారు.

ఎస్సై ఉదయ్ కుమార్ గుంపును తోసుకుంటూ వచ్చాడు. ఆ స్టేషన్‌కు నిన్ననే బదిలీ మీద వచ్చినవాడు.

"జీపెక్కు సిద్దయ్యా. ఇక్కడుంటే చంపేస్తారు."

"ఎక్కను సార్. ఎక్కితే తప్పు ఒప్పుకున్నట్టే. సంపనీ, ఈడనే సంపనీ."

అప్పుడే ఒక ఆటో వచ్చి ఆగింది. నెరిసిన గడ్డం మనిషి ఒకడు, దుప్పటి కప్పిన వెడల్పాటి పలకను జాగ్రత్తగా దించాడు.

సిద్దయ్య అతన్ని గుర్తుపట్టాడు. ఎన్నోసార్లు పట్టాల పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్న మనిషి. పేరైనా అడగకుండా ప్రతిసారీ జెండా కర్రతో తరిమేశాడు.

"సార్, గేటు మూసే ఉన్నింది," అన్నాడు అతను.

"నువ్వు చూశావా?"

"లేదు. మీరే చూడండి."

దుప్పటి తీశాడు.

పలక మీద అదే గేటు, చిన్న బొమ్మగా. అదే గది. అగ్గిపెట్టెంత ఇంజను. పట్టాల వెంట తుమ్మచెట్లు.

గేటుకు కాస్త ఎడంగా, పట్టాలు దాటుతూ ఒక మట్టిదారి. దాని పక్కన ఆ ఇంజనుకన్నా ఎత్తుగా పేర్చిన నాపరాళ్ళు.

ఎస్సై తలెత్తి అసలు చోటు చూశాడు. దారి లేదు. రాళ్ళు లేవు. కొత్తగా నాటిన ముళ్ళకంచె ఉంది.

"ఈ దారి ఎక్కడుంది?"

"ఉన్నింది సార్. గేటు పడినా లారీలు ఆగకుండా పోయేదానికి ఏసుకున్న దొంగదారి. ఆటోలూ అందులోనే దూరేటివి. ఆ రాళ్ళ అడ్డానికి వచ్చే రైలు కనపడదు. ఆటో పోయింది అట్లనే. పోలీసులు వచ్చేలోపల జేసీబీ పెట్టి అంతా చదును చేసినారు."

"గడ్డం నెరిసినా బొమ్మలాట పోలేదే!" ఎవడో ఎగతాళి చేశాడు.

"సిద్దయ్య తెచ్చుకున్న దొంగసాక్షి సార్! నిన్న కూచోని అతికించి తెచ్చినాడు," అంటూ చంద్రమోహన్ ముందుకొచ్చాడు. చెప్పుకాలితో ఒక్క తన్ను తన్నాడు.

పలక బోర్లాపడింది. గేటు విరిగింది. ఇంజను ఎగిరి దుమ్ములో పడింది.

గడ్డం మనిషి ముక్కల కోసం వంగలేదు.

"తొక్కు మామా. ఇంకో కాలు గూడా పెట్టు. ఈ గేటు ఇదొక్కటే అనుకుంటాండావా?"

ఫోన్ తీసి ఎస్సైకి చూపించాడు. ప్రపంచపటం. దాని నిండా ఎర్రచుక్కలు.

"బొమ్మ రైళ్ళ పిచ్చి ఉన్నోళ్ళు యాడ యాడ ఉండారో చెప్పే పటం సార్ ఇది. ఒక్కో చుక్క ఒక్కో ఇల్లు. జర్మనీలో చూడు, చీమలబారు. ఇంగ్లండు, అమెరికా, జపాన్. ప్రొద్దుటూరు మీద ఉండే ఒంటిచుక్క నేను. ఏడాదికి ఒకరి ఊరి గేటును అందరం చేస్తాం. పోయినేడు జర్మనీ వాళ్ళది నేను చేసినా. ఈయేడు నేను పంపిన ఫోటోలు చూసి మాది వాళ్ళు చేసినారు."

ఒక చుక్కను నొక్కి వీడియో కాల్ కలిపాడు. తెరమీద ఒక జపాన్ ముసలామె వంగి దండం పెట్టింది. ఏదో అడిగాడు. ఆమె ఫోన్‌ను తన బల్ల వైపు తిప్పింది.

అక్కడా అదే గేటు. అదే దొంగదారి. అవే రాళ్ళు.

"ఆ పచ్చజెండా పట్టుకున్యేది నేనే గదా!" సిద్దయ్య నోరు తెరిచాడు. "జపాన్ ఎప్పుడు పోయినా నేను?"

రాళ్ళ ముందు ఫ్యాక్టరీ పేరుతో చిన్న బోర్డు. తెలుగు రాని ఆ ముసలామె అక్షరాలను ముగ్గు వేసినట్టు చూసి దించింది. ఎస్సై దాన్ని మనసులోనే చదువుకుని చంద్రమోహన్ వైపు చూశాడు.

"ఇది ఎప్పటిది?"

"ఉగాదికే అందరూ చూసేటట్టు ఫోటోలు పెట్టినారు సార్. ఆటో పోయింది మొన్న."

ఎస్సై జనం వైపు తిరిగాడు. "ఆ రాళ్ళు ఎవరివి? ఎవరు తీయించారు?"

కూలీలు నేల చూపులు చూశారు.

చంద్రమోహన్ ఎవరికో ఫోన్ చేస్తూ కారు వైపు నడిచాడు. కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు.

సిద్దయ్య చేతులు జోడించాడు. "కర్ర తీసుకోని తరిమినోణ్ణి గదప్పా నిన్ను. నాకోసం ఇంత పని ఎందుకు చేసినావు?"

"నీకోసం చేయలేదన్నా," అన్నాడు అతను.

ఎస్సై పెన్ను తీశాడు. "మీ పేరు? ఈ కేసుతో మీకేం సంబంధం?"

"రాసుకో సార్. నా పేరు అమీర్ బాషా. ఆ ఆటోలో పోయిన ఖమర్‌బీ నా భార్య. ఆమెను చంపింది సిద్దయ్య కాదు, చంద్రమోహన్!"